బ్రిటన్ బొగ్గు పద్దు

2024వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన, ఇంగ్లండు దేశపు నడిమి భాగమున నాటింగ్‌హామ్ ప్రాంతములో, రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ అను విద్యుత్కేంద్రము పని చాలించినది. అర్ధశతాబ్దమునకు మించి అది రాక్షసిబొగ్గును మండించి 2000 మెగావాట్ల శక్తిని ఇచ్చుచుండెను. దాని ఎనిమిది శీతల గోపురములు రైలుమార్గమున పోవు ప్రయాణికులకు దూరము నుండియే గుర్తుగా కనిపించుచుండెడివి. ఆ కేంద్రము ఆగుటతో బ్రిటన్ దేశమున బొగ్గుతో విద్యుత్తును తయారుచేయు పని పూర్తిగా ముగిసినది. లోకములో ప్రజల కొరకు బొగ్గుతో విద్యుత్తును ఉత్పత్తి చేసిన మొట్టమొదటి కేంద్రము లండను నగరములోని హోబర్న్ వయడక్ట్ వద్ద 1882లో వెలసినది. అచ్చట మొదలైన కథ 142 ఏండ్లకు ఇచ్చట ముగిసినది.

ఇది పరదేశములో ఒక కర్మాగారము మూతపడిన వార్త. దీనిని గూర్చి మనము ఇంటిలో కూర్చుండి వినవలసిన దేమున్నది అని శ్రోతలు అడుగవచ్చును. ఇంటి జమాఖర్చు వ్రాసుకొను గృహస్థునకు ఒక సంగతి తెలియును. ఈ నెల ఖర్చు సగమునకు దిగినదని చిట్టా చెప్పినపుడు అతడు వెంటనే సంతోషింపడు. ఖర్చు నిజముగా తగ్గినదా? లేక మన ఖర్చు పొరుగువాని పద్దులో వ్రాయబడినదా? లేక ఇంటిలో ఎవరో ఒకరు పస్తుండుటచే మిగిలినదా? ఈ మూడు ప్రశ్నలు వేసికొని, సమాధానము దొరకిన పిమ్మట గాని చిట్టాను మూయడు. బ్రిటన్ దేశపు బొగ్గు పద్దును ఈ మూడు ప్రశ్నలతో తిరగవేయుటయే నేటి మా ఉద్దేశము.

ముందుగా పద్దులో లెక్కించు వస్తువేమో తెలిసికొందము. బొగ్గులో ప్రధానమైనది కర్బనము. బొగ్గు మండుట యనగా ఆ కర్బనము గాలిలోని ప్రాణవాయువుతో కలియుట. 12 పాళ్ల కర్బనము 32 పాళ్ల ప్రాణవాయువును పట్టుకొని 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువగును. దీనినే కార్బన్ డయాక్సైడ్ అందురు. అందుచేత ఒక టన్ను బొగ్గును కాల్చినచో రెండు టన్నులకు మించిన వాయువు పుట్టును. ఇది కంటికి కనిపింపదు, ముక్కునకు తెలియదు. కాని భూమి నుండి ఆకాశమునకు తిరిగిపోవలసిన వేడిని ఇది కొంత పట్టి ఉంచును. సహజవాయువును మండించినపుడు కూడ ఇది వెలువడును. అయితే అందు ఉదజని పాలు హెచ్చు గనుక, ఒక యూనిట్టు విద్యుత్తునకు బొగ్గు ఇచ్చు దానిలో సగమునకు మించదు. ఈ భేదమును శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. తరువాతి కథలో ఇది చాల పనికివచ్చును.

బ్రిటన్ ఈ వ్యాపారమునకు తొలి యజమాని. 1712లో న్యూకోమెన్ నిర్మించిన ఆవిరియంత్రము మొదట చేసిన పని గనులలో ఊరు నీటిని తోడుట. అనగా బొగ్గును తీయుటకే బొగ్గును కాల్చిరి. తరువాత జేమ్స్ వాట్ ఆ యంత్రమును బాగుచేసెను. నూలు మిల్లులు, ఇనుప కొలుములు, రైళ్లు, ఓడలు ఒకదాని వెంట ఒకటి బొగ్గు మీద ఆధారపడినవి. 1850 నాటికి ప్రపంచమంతయు ఇంధనములను కాల్చి విడిచిన బొగ్గుపులుసు వాయువులో సగమునకు పైగా ఆ ఒక్క చిన్న ద్వీపము నుండియే వచ్చుచుండెను. 1913లో అచ్చటి గనులు 28 కోట్ల టన్నులకు మించిన బొగ్గును పైకి తీసినవి. అందు సుమారు నాలుగవ వంతు విదేశములకు ఎగుమతి అయినది. పది లక్షల మందికి పైగా కార్మికులు భూగర్భమున, భూమిపైన ఆ పనినే నమ్ముకొని బ్రతికిరి.

ఈ పెరుగుదలను చూచి భయపడినవారు కూడ కలరు. 1865లో స్టాన్లీ జెవన్సు అను ఆర్థికవేత్త బొగ్గు సమస్యను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. మంచి యంత్రములు వచ్చినచో బొగ్గు ఆదా అగునని అందరును తలచు కాలమది. జెవన్సు దానిని కాదనెను. తక్కువ బొగ్గుతో ఎక్కువ పని జరిగినపుడు పని చౌక యగును. చౌకయైన కొలది దానిని కోరువారు పెరుగుదురు. కడకు మొత్తము మీద బొగ్గు వాడకము హెచ్చునే గాని తగ్గదని అతని వాదము. తరువాత నూరేండ్లు అతని మాటయే చెల్లినది. అందుచేతనే ఆ దేశములో ఇటీవల వాడకము నిజముగా తగ్గినదనగానే ఆర్థికవేత్తలు చెవులు రిక్కించిరి.

బొగ్గు మీద తొలి ఫిర్యాదు వాతావరణపు వేడిని గూర్చినది కాదు, పొగను గూర్చినది. 1952 డిసెంబరు 5 నుండి 9 వరకు లండను నగరమును పొగమంచు కప్పివేసినది. ఇంటింట చలిమంటలో కాలిన బొగ్గు, చుట్టుపట్ల విద్యుత్కేంద్రముల బొగ్గు కలిసి, గాలి కదలక, పట్టపగలు ఎదుటి మనిషి కానరాకపోయెను. బస్సులు ఆగినవి. ముందు నడచు మనిషి చేతిదీపమే దారి చూపినది. ఆ దినములలో నాలుగు వేల మంది అధికముగా మరణించిరని అప్పటి ప్రభుత్వము లెక్కకట్టెను. ఆ సంఖ్య పన్నెండు వేల వరకు ఉండవచ్చునని తరువాతి పరిశోధకులు చెప్పిరి. 1956లో శుద్ధవాయు శాసనము వచ్చినది. పట్టణములలో పొగ లేని ఇంధనము మాత్రమే కాల్చవలెనని విధించిరి. కన్నులకు కనబడు ఆపదకు ప్రభుత్వములు నాలుగేండ్లలో కదలినవి. కనబడని వాయువు విషయమున అర్ధశతాబ్దము పట్టినది.

ఇంతలో ఇంటి పొయ్యి మారినది. 1965లో ఉత్తర సముద్రము అడుగున సహజవాయువు దొరకినది. అంతకు పూర్వము పట్టణములలో గొట్టముల ద్వారా వచ్చు గ్యాసు కూడ చాలవరకు బొగ్గు నుండి తీసినదే. 1967 మొదలు పది సంవత్సరములు పనివారు వీధి వెంట వీధి తిరిగి, సుమారు కోటి నలుబది లక్షల ఇండ్లలోను, అంగళ్లలోను పొయ్యిలను, నీళ్లు కాచు పరికరములను క్రొత్త వాయువునకు అనువుగా మార్చిరి. గృహిణికి బూడిద ఎత్తు పని, బొగ్గు మోయు పని తప్పినది. దేశ మంతటను పొయ్యిలను మార్చుట సాధ్యము కాదని నేడు పలుకువారికి ఇది మంచి జవాబు. అది ఒకసారి జరిగినది; ఒక్క తరములోనే జరిగినది.

ఇక గనుల సంగతి. 1947 జనవరి 1వ తేదీన గనులన్నియు జాతీయమైనవి. కాని చమురు, వాయువు, అణుశక్తి పోటీకి వచ్చుటచే బొగ్గునకు గిరాకి తగ్గుచు వచ్చెను. 1984 మార్చిలో ఇరువది గనులను మూయుదుమని, ఇరువది వేల ఉద్యోగములు పోవునని బొగ్గు బోర్డు ప్రకటించినది. ఆర్థర్ స్కార్గిల్ నాయకత్వమున కార్మికులు సమ్మెకు దిగిరి. ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్ వెనుకకు తగ్గలేదు. లక్షకు పైగా కుటుంబములు ఒక ఏడాది జీతము లేక గడిపినవి. గ్రామములలో స్త్రీలు సామూహికపు వంటశాలలు నడిపి పిల్లలకు అన్నము పెట్టిరి. 1985 మార్చిలో సమ్మె ఓడిపోయినది. వేల్సు దేశపు మేర్డీ గ్రామమున కార్మికులు బాజాలతో, జెండాలతో ఊరేగింపుగా నడచి గనిలోనికి తిరిగి దిగిరి. ఆ గనియు కొలది ఏండ్లకే మూతపడెను. కడపటి లోతుగనియైన కెల్లింగ్లీ 2015 డిసెంబరులో మూతపడినది.

ఇచ్చట శ్రోతలు గమనింపవలసిన దొకటి కలదు. గనులు మూసినది వాతావరణమును కాపాడుటకు కాదు. గనులు మూతపడిన పిమ్మట కూడ విద్యుత్కేంద్రములు బొగ్గును కాల్చుచునే ఉండినవి; ఆ బొగ్గు రష్యా, కొలంబియా మొదలగు దేశముల నుండి ఓడలలో వచ్చినది. 2012లో కూడ ఆ దేశపు విద్యుత్తులో నూటికి నలుబది పాళ్ల వరకు బొగ్గుదే. అనగా గని కార్మికుని బ్రతుకు ముందు పోయినది. పొగగొట్టము తరువాత ముప్పది ఏండ్లకు గాని ఆరలేదు. ఈ రెంటిని ఒకే త్యాగముగా కలిపి చెప్పువారు చరిత్రను సరిగా చదువలేదని మేము అందుము.

అయినను ఆ నడిమి కాలములో పద్దు కొంత తగ్గినది. 1990లో విద్యుత్ సంస్థలు ప్రైవేటు పరమైన తరువాత, చౌకగాను త్వరగాను కట్టదగిన సహజవాయు కేంద్రములు వరుసగా వెలసినవి. యూనిట్టునకు సగము వాయువే వెలువడునని ముందు చెప్పితిమి గదా. ఎవరును వాతావరణమును తలపకయే, లాభమును తలచి చేసిన పని వలన ఉద్గారములు దిగినవి. తరువాతి తగ్గుదల మాత్రము తెలిసి చేసినది. 2008లో పార్లమెంటు వాతావరణ మార్పు శాసనమును చేసినది. 2050 నాటికి ఉద్గారములను 1990 స్థాయి నుండి నూటికి 80 పాళ్లు తగ్గింపవలెనని అందు విధించిరి. 2019లో దానిని నికర శూన్యముగా సవరించిరి. అయిదేసి ఏండ్లకు ఒక పరిమితి, దానిని పరీక్షించుటకు ఒక స్వతంత్ర సంఘము ఏర్పడినవి. మన ఇండ్లలో నెలకు ఇంత అని చీటి వ్రాసి గోడకు అంటించుట వంటిది ఈ పద్ధతి. అప్పుడు పెద్ద పక్షము లన్నియు దీనికి సమ్మతించినవి. ఆ ఐకమత్యము నేడు సడలినది; తాము అధికారమునకు వచ్చినచో ఈ శాసనమును రద్దుచేయుదుమని 2025లో ప్రతిపక్ష నాయకురాలు ప్రకటించిరి.

చట్టము ఒక్కటే చాలలేదు. 2013 నుండి, విద్యుత్తునకై కాల్చు ఇంధనములపై, వెలువడు ప్రతి టన్ను వాయువునకు ఒక సుంకమును విధించిరి. కొలది ఏండ్లలో అది టన్నునకు 18 పౌన్లకు చేరినది. బొగ్గు వాయువునకు రెండింతల ఉద్గారము గలది గనుక రెండింతల సుంకము కట్టవలసి వచ్చి, బేరములో వెనుకబడినది. మరియొక వైపు గాలిమరలు పెరిగినవి. 1991లో కార్న్‌వాల్ ప్రాంతములోని డెలబోల్ వద్ద పది గాలిమరలతో మొదలైన ఆ విద్య, తరువాత సముద్రములోనికి దిగినది. యార్క్‌షైర్ తీరమునకు దూరముగా నడిసముద్రమున 2022లో పూర్తియైన హార్న్‌సీ రెండవ క్షేత్రము ఒక్కటే 1300 మెగావాట్లకు మించినది. 2017 ఏప్రిల్ 21వ తేదీన, 1882 తరువాత మొదటిసారిగా, బొగ్గు విద్యుత్తు లేక ఆ దేశమునకు ఒక పూర్తి దినము గడచినది. 2020లో వరుసగా 67 దినములు గడచినవి. 2024లో విద్యుత్తులో సగము గాలి, ఎండ మొదలగు తరుగని వనరుల నుండి వచ్చినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చును. 1990లో బ్రిటన్ భూభాగము నుండి వెలువడిన వేడిమి వాయువులు 80 కోట్ల టన్నులకు పైగా ఉండినవి. 2024 నాటికి 37 కోట్ల టన్నుల ప్రాంతమునకు దిగినవి. విద్యుత్తు తయారీ శాఖలో తగ్గుదల మరియు గొప్పది. అది ఐదవ వంతు చేరువకు వచ్చినది. అదే కాలములో ఆ దేశపు ఆదాయము ముప్పాతిక వంతునకు పైగా పెరిగినది. ఇంధనపు వాడకమే 2000వ సంవత్సరము నాటి కంటె నాలుగవ వంతునకు మించి తగ్గినది. మంచి బాయిలర్లు, వేడిని బయటికి పోనీయని గోడలు, తక్కువ విద్యుత్తుతో వెలుగు దీపములు ఇందుకు కొంత కారణము. జెవన్సు చెప్పిన సూత్రము ఇచ్చట ఎందుకు తప్పినది? ఒక కారణము స్పష్టమే. ఆదా అగుటతో వస్తువు చౌక కాకుండ సుంకములు అడ్డుపడినవి. ఇల్లు ఒకసారి వెచ్చబడిన తరువాత దానిని రెండింతలు వెచ్చజేసికొనువారు లేరు. కనుక తగ్గుదల నిజమే, కనికట్టు కాదు.

కాని మరియొక కారణము కూడ ఉన్నది. అదియే మన రెండవ ప్రశ్న. ఉక్కు, సిమెంటు, బట్టలు, యంత్రములు ఒకప్పుడు బ్రిటన్‌లోనే తయారగుచుండెడివి. నేడు వానిలో పెక్కు చైనా నుండి, ఇతర దేశముల నుండి వచ్చుచున్నవి. అంతర్జాతీయపు లెక్కలో వాయువు ఏ దేశపు పొగగొట్టము నుండి పోయినదో ఆ దేశపు పద్దులోనే వ్రాయబడును. ఆ వస్తువును ఎవరు వాడుకొనిరో చూడరు. వాడుకొనువారిని బట్టి లెక్క వేసినచో బ్రిటిషువారి జీవనమునకు కారణమగు ఉద్గారములలో సుమారు సగము వారి దేశమునకు వెలుపల పుట్టుచున్నది. విదేశములకు పోవు విమానములు, ఓడలు కాల్చు ఇంధనమును కూడ దేశపు లెక్కలో చేర్చక వేరుగా చూపుదురు. వాడుకొనువారిని బట్టి వేసిన లెక్క సైతము 2007 తరువాత తగ్గినదను మాట నిజము. అయితే భూభాగపు లెక్క చూపునంత తగ్గుదల అందు లేదు.

దీనికి ఒక్క ఉదాహరణ చాలును. రాట్‌క్లిఫ్ కేంద్రము ఆగిన 2024 సెప్టెంబరు 30వ తేదీననే, వేల్సులోని పోర్ట్ టాల్బట్ ఉక్కు కర్మాగారములో చివరి బొగ్గు కొలిమి చల్లారినది. ఆ కర్మాగారము మన దేశపు టాటా వారిది. రెండు వేలకు పైగా ఉద్యోగములు పోవునని ముందే తేలినది. పాత ఇనుమును విద్యుత్తుతో కరగించు క్రొత్త కొలిమిని అచ్చట నిర్మింపవలెనని సంకల్పము. అదే సెప్టెంబరు నెలలో అదే సంస్థవారు మన ఒరిస్సాలోని కళింగనగరమున భారతదేశములోకెల్ల పెద్దదియైన బొగ్గు కొలిమిని వెలిగించిరి. ఇందు తప్పు ఎవరిదని మేము చెప్పుట లేదు. మన దేశమునకు ఉక్కు కావలెను. వేల్సు కొలిమి ముసలిదైనది. కాని ఒక దేశపు చిట్టాలో తగ్గిన అంకె ఆకాశములో తగ్గినట్లేనని తలచుట పొరబాటని ఈ రెండు కొలుములు చెప్పుచున్నవి.

డ్రాక్స్ అను మరియొక గొప్ప విద్యుత్కేంద్రము కథ కూడ ఇట్టిదే. యార్క్‌షైర్‌లోని ఆ కేంద్రము బొగ్గును మాని కొయ్య గుళికలను కాల్చుచున్నది. ఆ గుళికలలో ఎక్కువ భాగము అమెరికా, కెనడా అడవుల నుండి ఓడలలో వచ్చును. చెట్టు నరికిన దేశములోనే దాని లెక్క వ్రాయవలెనను నియమము వలన, డ్రాక్స్ పొగగొట్టపు వాయువు బ్రిటన్ పద్దులో సున్నగా కనిపించును. నరికిన చెట్టుకు బదులు క్రొత్త చెట్టు పెరిగి ఆ వాయువును తిరిగి పీల్చుకొనునని ఒక పక్షము వాదము; ఆ చెట్టు పెరుగుటకు పట్టు దశాబ్దముల మాట ఏమని రెండవ పక్షము ప్రశ్న. నియమము ఎంత శాస్త్రీయమైనను, పొగ పొగయే గదా అని సామాన్యునకు తోచుట సహజము.

ఇక మిగిలిన పని సులభమైనది కాదు. విద్యుత్తు శాఖలో జరిగినది కొలది స్థలములలో, కొలదిమంది చేతులలో జరిగిన మార్పు. పౌరుడు గోడమీద మీట నొక్కినచో దీపము వెనుకటివలెనే వెలిగినది; అది బొగ్గుదో గాలిదో అతనికి తెలియనే లేదు. కాని నేడు ఆ దేశపు ఉద్గారములలో అగ్రస్థానము రవాణాది. ప్రతి ఐదు ఇండ్లలో నాలుగు ఇండ్లు సహజవాయువుతోనే వెచ్చబడుచున్నవి. కారును, బాయిలరును మార్చవలసినవారు కోట్లకొలది గృహస్థులు. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తినపుడు వాయువు ధర ఆకాశము నంటినది. విద్యుత్తు ధరను కూడ తరచుగా వాయువు ధరయే నిర్ణయించుట వలన రెండు బిల్లులును ఒక్కసారి పెరిగినవి. ఆ అక్టోబరులో సామాన్య కుటుంబమునకు ఏడాది బిల్లు 2500 పౌన్లకు మించకుండ ప్రభుత్వము భారమును పంచుకొనవలసి వచ్చెను. బొగ్గును వదలి వాయువును పట్టుకొనుట సగము దారి మాత్రమేనని ఆ శీతకాలము నేర్పినది.

మూడవ ప్రశ్న మిగిలినది: ఇంటిలో ఎవరైన పస్తున్నారా? 1985 తరువాత గని గ్రామములను చూచినవారు లేరని చెప్పలేరు. గని పోయినచోట అంగడి పోయినది, సంఘభవనము పోయినది, యువకులు ఊరు విడిచిరి. తండ్రి, తాత చేసిన పని కొడుకునకు లేకపోవుట వారిని జీతపు నష్టము కంటె ఎక్కువగా కలచినది. రాట్‌క్లిఫ్ కథ వేరుగా నడచినది. మూసివేత గడువు కొన్ని సంవత్సరముల ముందే తెలిసినది. చివరి దినమున అచ్చట ఉన్నవారు సుమారు 170 మంది. సంస్థయు, కార్మిక సంఘములును కూర్చుండి, ఎవరికి ఏ శిక్షణ కావలెనో, ఎవరు ఏ పనికి మారుదురో ముందుగా మాటలాడుకొనిరి. చివరి దినమున పనివారు కన్నీరు పెట్టిరే గాని రాళ్లు రువ్వలేదు. సంఖ్యలో ఈ రెండు మూసివేతలకు సాటి లేదన్నది నిజము. లక్షమందికి చేయవలసినదానిని నూరుమందికి చేయుట తేలిక. అయినను గడువు చెప్పి మూయుటకు, చెప్పక మూయుటకు భేదమెంతో ఆ దేశమే రెండుసార్లు చూపినది.

ఈ మాట మనకు దూరమైనది కాదు. 1871లో భారత భూగర్భ శాస్త్ర శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొనెను. దానిని త్రవ్వుటకు హక్కు పొందిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో ఇంగ్లండులోనే స్థాపింపబడినది. 1889లో త్రవ్వకము మొదలైనది. అనగా మన సింగరేణి, బ్రిటన్ బొగ్గు కథలో ఒక కొమ్మగా పుట్టినది. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు పనిచేసిరి. నేడు ఆ సంఖ్య సగమునకు దిగువ నున్నది. బొగ్గు తగ్గి కాదు. లోతుగనుల స్థానమున ఉపరితల గనులు, మనుష్యుల స్థానమున యంత్రములు వచ్చుటచే. కొత్తగూడెము, రామగుండము, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతములలో తండ్రి ఉద్యోగము కొడుకునకు వచ్చునా అను ప్రశ్న ప్రతి ఇంటిలో వినిపించునదే. వేల్సు గ్రామములలో 1984లో వినిపించిన ప్రశ్నయు ఇదియే.

మన దేశము రేపే బొగ్గును మానవలెనని మేము చెప్పబోము. మన విద్యుత్తులో నూటికి డెబ్బది పాళ్లకు పైగా నేటికిని బొగ్గుదే. సగటున ఒక భారతీయుడు ఏడాదికి విడుచు బొగ్గుపులుసు వాయువు రెండు టన్నుల ప్రాంతము. పద్దు సగమునకు తగ్గించుకొనిన బ్రిటిషు పౌరునిది, దిగుమతుల లెక్క చేర్పకయే, దానికి రెండింతలు. తాత కాలము నుండి వాడుకొని నేడు మానినవానికిని, నిన్న గాక మొన్న దీపము పెట్టుకొనినవానికిని ఒకే తూకము చెల్లదు. భారతదేశము 2070 నాటికి నికర శూన్యమును చేరుదునని 2021లో గ్లాస్గో సభలో ప్రకటించినది. గడువు దూరమున నున్నను, అది గడువే. నేడు పదునెనిమిదేండ్ల వయస్సున గనిలో చేరు బిడ్డ ఆ నాటికి అరువది దాటును. అనగా అతని ఉద్యోగ జీవితమంతయు ఈ మార్పు నడుమనే గడచును. అతనికి ఇప్పటి నుండియే రెండవ విద్య నేర్పుట, ఆ పట్టణములలో బొగ్గు కాక మరియొక జీవనాధారమును నాటుట, ఆఖరి సంవత్సరమున చేయవలసిన పనులు కావు.

బ్రిటన్ చిట్టాను తిరగవేసి మేము తెలిసికొనినది క్లుప్తముగా ఇది. పొగ తగ్గించుట సాధ్యము. ఒక గొప్ప దేశము దానిని చేసి చూపినది. ఆ తగ్గుదలలో కొంత ఇతరుల పద్దులలో నున్నది. దానిని కూడ చదివి గాని మెచ్చుకొనరాదు. గని గ్రామముల బాకీని మాత్రము ఆ దేశము ఇంకను తీర్చలేదు. మన ఇండ్లలో ఈ రాత్రి దీపము వెలుగుచున్నదనిన, ఎచ్చటనో ఒక కార్మికుడు రాత్రి పాళీకి గనిలో దిగియున్నాడని అర్థము. ఆ దీపమును వేరొక శక్తితో వెలిగించు దినము తప్పక వచ్చును. ఆ దినమున అతని ఇంటి దీపము ఆరకుండ చూచుకొనుట మన లెక్కలో మొదటి పద్దు కావలెనని మా మనవి.